పది నెలల కిరాయి గదికి పదేళ్ల ఫ్యాను: యువత కాలదృష్టి, పర్యావరణహిత కొనుగోళ్లు

మహబూబ్‌నగర్‌లో ఎంబీఏ చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తూ మీరు అడిగిన ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. మీరు ప్రశ్నావళి ఇచ్చినప్పుడు విద్యార్థులు దాదాపు అందరూ పర్యావరణం గురించీ రాబోయే తరాల గురించీ ఆలోచిస్తామని రాశారు. అదే విద్యార్థులు బయటికి వచ్చి కొనుక్కున్నది మాత్రం ఇరవై రూపాయల నీళ్ల సీసా, నాలుగు ఉతుకులకు వెలిసిపోయే చొక్కా. కాలం పట్ల యువతకున్న దృష్టికీ పర్యావరణహిత కొనుగోళ్లకూ నిజంగా సంబంధం ఉందా, ఉంటే నా లెక్కల్లో ఎందుకు కనిపించడం లేదు అన్నది మీ సందేహం. నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా వాణిజ్యశాస్త్రం బోధించి, ఆ తరువాత వినియోగదారుల అవగాహన పనిలో తిరుగుతున్నవాడిగా నాకు తెలిసినంత మేరకు జవాబిస్తాను. సంబంధం ఉంది. కాని మీరు దానిని మనిషి స్వభావంలో వెతుకుతున్నారు. అది ఎక్కువగా మనిషికీ వస్తువుకూ మధ్య ఉన్న గడువులో దొరుకుతుంది.

కాలదృష్టి అన్న మాటకు పరిశోధనలో నిర్దిష్టమైన అర్థం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫిలిప్ జింబార్డో, జాన్ బోయ్డ్ 1999లో ప్రచురించిన 56 వాక్యాల కొలమానం కాలం పట్ల మనుషుల ధోరణిని ఐదు విధాలుగా చూస్తుంది: గతాన్ని చేదుగా తలచుకోవడం, గతాన్ని తీపిగా తలచుకోవడం, ఇప్పటి సుఖాన్ని కోరడం, బతుకంతా విధి చేతిలో ఉందనుకోవడం, రేపటికి ఏర్పాట్లు చేసుకోవడం. అంతకు ముందే 1994లో అలన్ స్ట్రాత్‌మన్ బృందం, నేటి పనికి రేపు వచ్చే పర్యవసానాన్ని మనిషి ఎంతగా లెక్కలోకి తీసుకుంటాడో తెలుసుకోవడానికి 12 వాక్యాలు తయారు చేసింది. మీరు వాడింది ఈ రెండోదాని తెలుగు అనువాదమని మీ వివరణను బట్టి అర్థమైంది. మిల్‌ఫాంట్ బృందం 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పర్యావరణానికి మేలు చేసే నడవడికతో భవిష్యత్ దృష్టికి ఉన్న సంబంధమే గత, వర్తమాన దృష్టులకు ఉన్న సంబంధం కంటే గట్టిగా తేలింది. కాబట్టి మీ ఊహ తప్పు కాదు.

అయితే అదే 2012లో జోయిర్‌మన్, స్ట్రాత్‌మన్ తదితరులు ఆ 12 వాక్యాలకు మరో రెండింటిని చేర్చి, కొలమానాన్ని రెండుగా విడదీశారు. దగ్గరి ఫలితాన్ని పట్టించుకోవడం ఒకటి, దూరపు ఫలితాన్ని పట్టించుకోవడం మరొకటి. ఒకటి పెరిగితే రెండోది తగ్గాలన్న నియమమేమీ లేదు, ఒకే మనిషిలో రెండూ బలంగా ఉండవచ్చు. మన పిల్లల్లో నేను చూసింది కూడా ఇదే. గ్రూప్స్ పరీక్ష కోసం మూడేళ్లు గదిలో కూర్చుని చదివే కుర్రవాడికి భవిష్యత్ దృష్టి లేదని ఎవరనగలరు? ఆ కుర్రవాడే రోజూ రెండు ప్లాస్టిక్ సీసాలు పారేస్తాడు. అతని భవిష్యత్తంతా నోటిఫికేషన్ మీద ఉంది, సీసా మీద లేదు.

దీనికి నేను తరగతిలో చెప్పే ఉదాహరణ సీలింగ్ ఫ్యాను. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా కరెంటు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని పొదుపు మోటారుతో తిరిగేది) సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు పదహారు యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కు ఐదు రూపాయలు వేసుకుంటే నెలకు ఎనభై రూపాయలు. రెండు ఫ్యాన్ల ధరల్లో తేడా పదిహేను వందలు అనుకుంటే, ఆ తేడా తిరిగి రావడానికి ఏడాదిన్నర పైగా పడుతుంది. ఆ తరువాత ఎన్నేళ్లు తిరిగితే అన్నేళ్లూ లాభమే. ఈ లెక్క విన్న విద్యార్థులు తల ఊపుతారు, కాని ఏ ఒక్కరూ కొనరు. వారు కొనకపోవడం తెలివితక్కువతనం కాదని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. దేవరకొండ నుండో అచ్చంపేట నుండో వచ్చి పట్టణంలో గది తీసుకున్న విద్యార్థి ఆ గదిలో ఉండేది పది నెలలు. పది నెలల్లో ఖాళీ చేసే గదికి పద్దెనిమిది నెలలు దాటితే గాని గిట్టుబాటు కాని ఫ్యాను కొనడమే అతని దృష్టిలో తెలివితక్కువ పని. మీ ప్రశ్నావళిలో ఆ విద్యార్థి 'భవిష్యత్తు నాకు ముఖ్యం' అన్న వాక్యం ఎదుట టిక్కు పెట్టి ఉంటాడు, అది అబద్ధం కూడా కాదు.

మన రాష్ట్రంలో ఈ లెక్కకు ఇంకో మలుపు ఉంది. 2024 మార్చి నుండి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు వస్తోంది. ఆ ఇంట్లో 150 యూనిట్లు కాలుతున్నా 134 యూనిట్లు కాలుతున్నా కట్టేది సున్నాయే కాబట్టి, పొదుపు ఫ్యాను ఇచ్చే భవిష్యత్ లాభం కాగితం మీదనే మాయమైపోతుంది. కాని ఏప్రిల్, మే నెలల్లో 210 యూనిట్ల దగ్గర ఊగిసలాడే ఇంటికి, పదహారు యూనిట్లు తగ్గడమంటే ఆ నెల బిల్లు మొత్తం తప్పించుకోవడం. అక్కడ లాభం పదేళ్ల దూరంలో లేదు, ఈ నెలలోనే చేతికి వస్తుంది. ఒకే ఫ్యాను, ఒకే ఊరు, ఒకే స్వభావం గల ఇద్దరు మనుషులు. మీటరు మీద అంకె వేరు కావడం వల్ల కాలం వేరయింది. దీనిని స్వభావాన్ని కొలిచే 12 వాక్యాలు పట్టుకోలేవు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో జెర్రీ హాస్‌మన్ 1979లో ప్రచురించిన పరిశోధనలో, కరెంటు తక్కువ తాగే ఎయిర్ కండిషనర్లను జనం ఎలా ఎంచుకున్నారో చూసి లెక్క కట్టారు. రేపటి పొదుపును వారు ఏడాదికి సుమారు 20 శాతం వడ్డీ మినహాయించినంత తక్కువగా చూస్తున్నారని తేలింది. ఆదాయం తగ్గేకొద్దీ ఆ శాతం పెరిగింది. అంటే పేదవారు రేపటిని తక్కువ చేసి చూడటానికి కారణం వారికి రేపటి మీద ప్రేమ లేకపోవడం కాదు, ఈ రోజు చేతిలో ఉన్న నోటు వారికి మరింత విలువైనది కావడం. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టిన ఇంట్లో, ఏడాదికి 36 శాతం కంటే తక్కువ లాభమిచ్చే ఏ పొదుపు వస్తువూ నిజానికి లాభం కాదు.

పాలమూరు వైపు ఈ విషయం ఇంకా లోతుగా ఉంటుంది. గుంపు మేస్త్రీ ఇచ్చిన ముందస్తు పైకం తీసుకుని, రాబోయే ఎనిమిది నెలల కష్టాన్ని ముందే అమ్ముకుని ముంబైకో పుణెకో వలస వెళ్లిన తల్లిదండ్రుల ఇంట్లో పెరిగిన పిల్లలకు, భవిష్యత్తు అంటే కూడబెట్టుకునేది కాదు, తాకట్టు పడేది. అలాంటి పిల్లలు ప్రశ్నావళిలో విధివాదపు వాక్యాలకు ఎక్కువ మార్కులు వేస్తే, దానిని మానసిక ధోరణిగా రాసి ఊరుకోకండి. సెలెస్ట్ కిడ్ బృందం 2013లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం దీనికి బాగా అన్వయిస్తుంది. కాసేపు ఆగితే రెండో మిఠాయి ఇస్తామని పిల్లలకు చెప్పే పాత పరీక్షనే వారు చేశారు. కాకపోతే ముందుగా కొందరు పిల్లలకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు, కొందరికి మాట తప్పారు. మాట నిలిచిన పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు, మాట తప్పబడిన పిల్లలు మూడు నిమిషాలే ఆగారు. ఓపిక రక్తంలో ఉండే గుణమైతే ఈ తేడా వచ్చేది కాదు. కాలువ నీళ్లు వస్తాయని ఏళ్ల తరబడి విని ఉన్న ఊరి పిల్లలు మూడు నిమిషాల వర్గంలో పడితే ఆశ్చర్యపోవలసింది ఏముంది?

అయినా మన రైతు ఇళ్లలో దీర్ఘదృష్టి లేదనడానికి వీల్లేదు. నల్లగొండ బత్తాయి నాటిన నాలుగైదేళ్లకు గాని సరిగా కాపుకు రాదు. ఆ నాలుగైదేళ్లూ బోరు నీళ్లు పోసి, ట్యాంకర్లు కొని మొక్కను బతికించే రైతు మన జిల్లాలో వేలల్లో ఉన్నాడు. అదే రైతు పక్క చేనులో పత్తి పెట్టి ఆరు నెలల లెక్క వేస్తాడు, కిరాణా కొట్టులో పది రూపాయల ప్యాకెట్లు కొని వారం లెక్క వేస్తాడు. ఒకే మనిషి మూడు గడియారాలు పెట్టుకుని బతుకుతున్నాడు. భూమి తనది కాబట్టి తోటకు పెద్ద గడియారం, చేతి ఖర్చుకు చిన్న గడియారం. అతని కొడుకైనా కూతురైనా మీ ప్రశ్నావళి నింపేటప్పుడు ఏ గడియారం చూసి జవాబు రాశారో మీరు అడగలేదు.

భవిష్యత్ దృష్టి ఉంటే చాలు, పర్యావరణహిత కొనుగోలు దానంతట అదే వస్తుందన్న నమ్మకానికి మా జిల్లానే పెద్ద ఎదురు సాక్ష్యం. మెల్లగా వచ్చే హాని అంటే ఏమిటో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల వారికి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు తాగేటప్పుడు నాలుకకు ఏమీ తెలియదు. పంటి పింగాణీ ఏర్పడే చిన్న వయసులో తాగితే ఆ మచ్చలు జీవితాంతం ఉంటాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగుతాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారంటే ఈ నేల ఎంత అనుభవించిందో తెలుస్తుంది. ఇంత దీర్ఘకాలపు హానిని కళ్లారా చూసిన ప్రాంతపు యువతరం ఏ పాఠం నేర్చుకుంది? నల్లా నీళ్లను నమ్మకూడదని నేర్చుకుంది. 20 లీటర్ల క్యాను, ప్రయాణంలో ప్లాస్టిక్ సీసా మా దగ్గర భవిష్యత్తును పట్టించుకోకుండా కొన్నవి కావు, తమ ఒంటి భవిష్యత్తును పట్టించుకుని కొన్నవే. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చిన తరువాత కూడా చాలా ఇళ్లలో ఈ అలవాటు మారలేదు. ఎవరి భవిష్యత్తు, ఏ భవిష్యత్తు అన్న ప్రశ్న వేయకుండా 'భవిష్యత్ దృష్టి' అని ఒకే గంపలో వేస్తే, సీసా కొన్నవాడూ సీసా మానేసినవాడూ ఒకే మార్కులు తెచ్చుకుంటారు. మీ లెక్కల్లో సంబంధం కనిపించకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అనుమానం.

గతాన్ని తీపిగా తలచుకునే ధోరణిని పరిశోధకులు తక్కువగా పట్టించుకుంటారు. మన దగ్గర పర్యావరణానికి మేలు చేసే కొనుగోళ్లలో చాలావరకు, కొనేవారికి తెలియకుండానే, ఆ దారిలోనే జరుగుతాయి. ఎండాకాలం వస్తే నీళ్లు చల్లబరిచే మట్టి రంజన్ కొనేవారు కరెంటు ఆదా గురించి ఆలోచించరు, నాయనమ్మ ఇంటి చల్లని నీళ్లు గుర్తుకు వచ్చి కొంటారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన గద్వాల చీరను చూడండి. చీర నూలుది, అంచూ కొంగూ పట్టువి. పెళ్లికి కొన్న చీర ఇరవై ఏళ్లు పెట్టెలో ఉండి మళ్లీ కూతురి ఒంటి మీదికి వస్తుంది. నారాయణపేట చీరకూ పోచంపల్లి చిటికి (ఇక్కత్) చీరకూ ఇదే వరుస. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చేనేత అన్నంత మాత్రాన అంతా పర్యావరణహితం కాదు, మగ్గాల మీదికి వచ్చే నూలులో ఎక్కువ భాగానికి రసాయన రంగులే అద్దుతారు. దాని మేలు ముఖ్యంగా రెండు చోట్ల ఉంది: నేయడానికి కరెంటు అక్కర లేదు, కట్టడానికి ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. యాప్‌లో మూడు వందలకు దొరికే పోచంపల్లి అచ్చు చీరకు ఈ రెండూ లేవు. అసలు చిటికి పనిలో నూలుకే రంగు వేసి నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, అచ్చు వేసినదానికి వెనుక వైపు వెలవెలబోతుంది. ఈ సంగతి చూపించినప్పుడు అమ్మాయిల కళ్లలో కనబడే ఆసక్తి, కర్బన ఉద్గారాల పటం చూపించినప్పుడు నాకు ఎన్నడూ కనబడలేదు.

ఇప్పటి సుఖాన్ని కోరే ధోరణిని కూడా శత్రువుగా చూడకండి. మట్టి వినాయకుడు మన పట్టణాల్లో నిలదొక్కుకోవడానికి ఒక కారణం, దాని ఫలితం తొమ్మిది, పదకొండు రోజుల్లో కంటి ముందే కనబడటం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం నిమజ్జనం తరువాత చేతులు విరిగి చెరువు గట్టున పడి ఉంటే చూసిన కుర్రవాళ్లే, తాము తెచ్చిన మట్టి విగ్రహం బకెట్లో కరిగిపోవడం ఫోనులో చిత్రీకరించి అందరికీ పంపుకున్నారు. దావత్‌లలో మోదుగాకు ఇస్తర్లు మళ్లీ కనబడటం కూడా ఇలాంటిదే. చూడముచ్చటగా ఉంటాయి, ఫోటో బాగా వస్తుంది, మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరుకుతుంది. సముద్రమట్టం గురించి ఆలోచించి ఎవరూ ఇస్తరాకు కొనలేదు, అయినా థర్మాకోల్ పళ్లెం ఒకటి తగ్గింది.

నమ్మకం లేని చోట కాలదృష్టి పనిచేయదన్నది అనుభవం మీద చెబుతున్న మాట. కొన్నేళ్ల క్రితం నేనే ఒక దుకాణంలో 'మట్టిలో కలిసిపోతుంది' అని రాసి ఉన్న సంచులు కట్టగా కొని, ఒకదానిని పెరట్లో పాతిపెట్టి చూశాను. రెండు వానాకాలాల తరువాత తవ్వితే అక్షరాలు చెరిగిపోయాయి గాని సంచి అట్లాగే ఉంది. రేపు ఫలితం వస్తుందని నేడు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినవారు ఒకసారి ఇలా మోసపోతే, మరుసటిసారి రేపు అన్న మాటకే విలువ ఇవ్వరు. ఇలాంటి ఉత్తుత్తి ప్రకటనలను అదుపు చేయడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణహితమని చెప్పుకునేవారు ఆధారం చూపాలన్నది వాటి సారాంశం. పర్యావరణహిత వస్తువులకు కేంద్రం ఇచ్చే, మట్టికుండ గుర్తుతో 1991లో మొదలైన ఎకోమార్క్‌కు కూడా 2024లోనే కొత్త నియమాలు వచ్చాయి. మీ నమూనాలో ఎంతమంది ఆ కుండ గుర్తును పోల్చుకోగలరో ఒక ప్రశ్న పెట్టి చూడండి, ఫలితం మీకే తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్నావళి సంగతి. మొదటిది అనువాదం. 'అంతా తలరాత' అనే వాక్యానికి మన దగ్గర ఔనన్నవారందరూ విధివాదులు కారు, అది మాట్లాడే మర్యాదలో భాగం. పొద్దున ఆ మాట అని మధ్యాహ్నం కోచింగ్ ఫీజు కట్టేవారిని రోజూ చూస్తాం. కాబట్టి ఆ వాక్యాన్ని పని రూపంలోకి మార్చండి: 'వచ్చే నెల ఖర్చుకు ఈ నెలలో డబ్బు పక్కన పెట్టాను' వంటిది. రెండోది, ఏం కొంటారని అడగకుండా ఏం కొన్నారని అడగండి. వారి ఫోనులో గత ముప్పై రోజుల యూపీఐ చెల్లింపులు వారే చూసి, వస్తువుల వారీగా రాయమనండి. నెల మొదటి వారంలో సగం మందిని, చివరి వారంలో సగం మందిని అడిగితే జేబు ఖాళీ అయినప్పుడు కాలదృష్టి ఎలా కుంచించుకుపోతుందో కూడా తేలవచ్చు. మూడోది, ప్రతి వస్తువుకూ మూడు చిన్న ప్రశ్నలు చేర్చండి: ఇది ఎన్నాళ్లు వాడాలని కొన్నారు, దీని డబ్బు ఎవరిది, ప్రస్తుతం ఉంటున్న చోట ఇంకా ఎన్ని నెలలు ఉంటారు. భవిష్యత్ దృష్టి మార్కులను ఒంటరిగా కాకుండా ఈ గడువుతో కలిపి విశ్లేషిస్తే, ఇప్పుడు కనబడని సంబంధం కనబడే అవకాశం ఉంది.

కొనకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. పగిలిన ఫోను అద్దాన్ని బస్టాండు దగ్గరి దుకాణంలో మార్పించుకుని మరో రెండేళ్లు లాగిన విద్యార్థి పర్యావరణానికి చేసిన మేలు, వెదురు టూత్‌బ్రష్ కొన్నవారు చేసిన మేలు కంటే చాలా ఎక్కువ. కాని మీ పట్టికలో మొదటివారికి ఒక గడి కూడా లేదు.

వీలైతే ఒక చిన్న ప్రయోగం చేయండి. సగం మందికి ఆ ఫ్యాను పదేళ్లలో సుమారు 9,600 రూపాయలు మిగులుస్తుందని రాసిన కాగితం, మిగతా సగానికి నెలకు 80 రూపాయలు మిగులుస్తుందని రాసిన కాగితం ఇచ్చి, ఎంత ఎక్కువ ధర ఇవ్వడానికి ఒప్పుకుంటారో అడగండి. హాల్ హెర్ష్‌ఫీల్డ్ బృందం 2011లో, ముసలితనంలో తమ ముఖం ఎలా ఉంటుందో చూసినవారు రేపటి కోసం ఎక్కువ డబ్బు పక్కన పెట్టడానికి మొగ్గుతారని చూపింది. అలాంటి హంగు మీకు అక్కర లేదు, రెండు కాగితాలు చాలు. నా అంచనా ప్రకారం కిరాయి గదుల్లో ఉన్నవారి మీద నెల లెక్క పనిచేస్తుంది, సొంత ఇళ్లలో ఉన్నవారి మీద పదేళ్ల లెక్క పనిచేస్తుంది. నా అంచనా తప్పయితే అది మీ ప్రాజెక్టుకు ఇంకా మంచిది.

ఒక్కటి మరిచాను. మీ నమూనాలో పది మంది ఇంటి యజమానులను కూడా చేర్చండి. గదిలో ఫ్యాను పెట్టించేది వారు, దాని కరెంటు బిల్లు కట్టేది కిరాయికి ఉన్నవారు. కొనేవారికి పొదుపుతో పని లేదు, పొదుపుతో పని ఉన్నవారికి కొనే గడువు లేదు. ఫ్యాను విషయంలో మీరు కొలవవలసిన కాలదృష్టి బహుశా ఆ కుర్రవాడిది కాదు, నెల మొదటి తారీఖున కిరాయి అడగడానికి వచ్చే పెద్దమనిషిది.